ఊర్లోనా, పుస్తకంలోనా

ఐజాకన్న బొమ్మల పుస్తకం తెరిచాడంటే మా వీధిలో ఎవరో ఒకరు పోయినట్టే. ఆయన చదివి ఊరుకునే రకం కాదు. చదువుతూ చదువుతూ ఒక పేజీ దగ్గర దిమ్మెరపోతాడు. ఆ పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వచ్చేస్తాడు. మొదట ఎదురైన మనిషి చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, "ఘోరం జరిగిపోయిందప్పా" అంటాడు. ఆ ముఖం చూస్తే ఎంతటి ధైర్యవంతుడైనా ఎవరు పోయారని అడగడానికి జంకుతాడు. నేను ధైర్యవంతుణ్ణి కూడా కాదు.

ఇదే మనిషి గుంతకల్లు డివిజన్‌లో జీవితమంతా గూడ్సు గార్డుగా పని చేశాడు. రిటైరయ్యే ముందు గార్డులకు పేరు మార్చి ట్రైన్ మేనేజర్లన్నారు గానీ మా వీధికి ఆయన గార్డ్ ఐజాకే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ దేనికీ చలించిన పాపాన పోలేదు. ఒకసారి గుత్తి దాటాక బండి మధ్యలో తెగి, ముందు సగం ఇంజనుతో పోయి, వెనక సగం ఈయనతో పాటు చెనిక్కాయ చేల మధ్య నిలిచిపోయింది. ఐజాకన్న చెప్పాల్సిన వాళ్లకు కబురు చెప్పి, క్యారియర్ విప్పి పెరుగన్నం తిని, తీరిగ్గా చెయ్యి కడుక్కున్నాడట. ఆ ఇంజను నడిపిన ఆయన స్నేహితుడు ఓబుళేసు ఈ సంగతి చెప్పి చెప్పి నవ్వేవాడు. "నాకు గుండె ఆగినంత పనైంటే, ఈయప్ప ఇంకో మజ్జిగ మిరపకాయ ఉంటే బాగుండు అన్న్యాడు" అనేవాడు.

అలాంటి మనిషికి ఈ దిమ్మెరపోయే జబ్బు నా జిరాక్స్ షాపులోనే అంటుకుంది. మా ఆవిడ అనీసా తమ్ముడు బెంగళూరులో బొమ్మలు గీసే కంపెనీలో ఉన్నాడు. వాళ్లు తెలుగులో వేస్తున్న 'వానదొంగలు' అనే బొమ్మల నవల మొదటి భాగం నాకు పంపించాడు. నేను రోజంతా ఊరందరి కాగితాలూ కాపీ తీస్తాను, ఒక్కటీ చదవను. ఆ పుస్తకాన్ని ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకున్నాను. ఆధార్ కార్డు కాపీకి వచ్చిన ఐజాకన్న ఆ బరువు తీసి చూశాడు. మధ్యాహ్నం దాకా లేవలేదు, లేచాక పుస్తకం కూడా పట్టుకుపోయాడు. నా కాగితాలన్నీ రోడ్డు మీద ఏరుకున్నాను.

కథ ఏమిటంటే, ఏదో రాజ్యంలో కొండదొరలు మబ్బుల్ని పట్టుకుని కోటలో కుండల్లో పెట్టి మూతలు బిగించేశారు. కింద జనానికి చుక్క వాన లేదు. గండరాయుడనే సేనాధిపతి దొరల కొలువు వదిలేసి, బూదవ్వ అనే ముసలామెను వెంటబెట్టుకుని, ఆరుకాళ్ల గుర్రం మీద వానను దొంగిలించడానికి బయల్దేరతాడు. బూదవ్వ మబ్బుల్ని గొర్రెల్లాగా మేపుతుంది. ఇది కట్టుకథ అంటే ఐజాకన్న ఒప్పుకోడు. ఏటా మబ్బు గుత్తి కోట దాకా వచ్చి, మనల్ని చూసి బళ్లారి వైపు తిరిగిపోతోంది కదా, ఎవరూ తోలుకుపోకుంటే దానంతటది పోతుందా అని నన్నే నిలదీశాడు. మా ఊళ్లో పుట్టినవాడెవడూ దానికి జవాబు చెప్పలేడు.

మొదటి చావు నాకు బాగా గుర్తు. నేను సగం గడ్డం గీసుకుని ఉన్నాను. తలుపు దగ్గర ఐజాకన్న, పుస్తకం వీపు వెనక.

"గండరాయుడు పోయినాడు హబీబూ" అన్నాడు.

నాకు గండరాయుడెవరో తట్టలేదు. రైల్వేలో ఇంతమంది తెలుసు, ఒక గండరాయుడు ఉండే ఉంటాడనుకున్నాను. ఎట్లా పోయాడని అడిగితే వెనక నుంచి బల్లెంతో పొడిచారన్నాడు. నా చేతిలో రేజరు జారి బకెట్లో పడింది. అనీసా తల మీద కొంగు సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చింది. నేను నురగతోనే చొక్కా తొడుక్కుని, మట్టి ఎక్కడ చేస్తారు, ఎన్నింటికి ఎత్తుతారు అని అడిగాను.

"అదే తెలీదప్పా. ముందు ముందు చూపిస్తారేమో" అన్నాడు ఐజాకన్న.

ఆ తర్వాత పాస్టరు యేసన్న వంతు వచ్చింది. ఆదివారం ప్రార్థన మనవుల్లో ఐజాకన్న లేచి, తనకు కావలసినవారికి కాలు విరిగిందని, అందరూ జ్ఞాపకం చేసుకోవాలని అడిగాడు. యేసన్న కళ్లు మూసుకుని ఆ కాలి కోసం భారంగా ప్రార్థన మొదలుపెట్టాడు. మధ్యలో ఐజాకన్న, తక్కిన ఐదు కాళ్లూ బాగానే ఉన్నాయని మెల్లగా అందించాడు. చర్చిలో ఒక్కొక్కరే కళ్లు తెరిచారు. అప్పట్నుంచి ఐజాకన్న నోరు విప్పకముందే యేసన్న "ఊర్లోనా, పుస్తకంలోనా?" అని తేల్చుకుంటాడు. ఆ ప్రశ్న వీధి మొత్తానికీ పాకింది. పైవీధి నల్లమ్మ మామ నిజంగానే కాలం చేస్తే, కబురు చెప్పడానికి వచ్చినవాణ్ణి మా వాళ్లు ఇదే అడిగి తిట్లు తిన్నారు.

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. నాకు కోపం తెప్పించింది పొయ్యి సంగతి. చావింట్లో ఆ పూట పొయ్యి వెలిగించరు, ఆనుకుని ఉన్న ఇంటివాళ్లు వండి తెచ్చి పక్కన కూచుని తినిపించాలి. మా వీధిలో హిందువులకైనా, ముస్లిములకైనా, క్రైస్తవులకైనా ఇది ఒక్కటే పద్ధతి. ఐజాకన్న దీన్ని పుస్తకానికి కూడా వర్తింపజేశాడు. గండరాయుడు పోయిన పూట పొయ్యి వెలిగించకుండా, పుస్తకం ఒళ్లో పెట్టుకుని వరండాలో కూచున్నాడు. పెళ్లాం పోయి చాలా ఏళ్లైన ఒంటరి మనిషి. ఇంటికి ఒకపక్క కంపచెట్లు మొలిచిన ఖాళీ స్థలం. ఇంకోపక్క తిమ్మక్క ఇల్లు.

తిమ్మక్క ఓబుళేసు భార్య. ఓబుళేసు గుండెపోటుతో పోయిన దగ్గర్నుంచి మా వీధికంతా ఉన్న దిగులు ఆమె గురించే. ఒకప్పుడు ఆమె ఊరిబిండి పచ్చడి నూరితే వాసనకు వీధి కుక్కలు కూడా మర్యాదగా వచ్చి గేటు ముందు కూచునేవి. అలాంటి మనిషి వండుకోవడం మానేసింది. అడిగితే "ఒక్కదానికి పొయ్యి ఏంటికి?" అనేది. టీ, బన్ను, మళ్లీ టీ. అనీసా పంపిన గిన్నెలు మూత తీయకుండానే తిరిగొచ్చేవి. చూస్తుండగానే చిక్కి సగమైంది. ఇట్లాగే ఉంటే మనిషి దక్కదని డాక్టరు మా ముఖాన్నే చెప్పాడు.

లేచి నిలబడే ఓపిక లేని ఆ మనిషి గేటు ముందుకు వెళ్లి, గండరాయుడు పోయాడు, ఈ పూట నేను పొయ్యి వెలిగించను వదినా అని చెప్పి వచ్చాడు ఈ మహానుభావుడు. ఆమె తిట్టింది. బొమ్మ చస్తే దుఃఖమేమిటని అడిగింది. ఈయన తల వంచుకుని నిలబడ్డాడే తప్ప పొయ్యి ముట్టించలేదు. చివరికి ఆమె గొణుక్కుంటూ సంగటి కెలికి, గిన్నె తీసుకుని వచ్చింది.

అది అంతటితో ఆగితేనా. ఆ తర్వాత వారం గండరాయుడి తమ్ముడు పోయాడు. రెండో భాగం వచ్చాక వంటవాడు, పడవవాడు, కోట కాపలావాళ్లు కట్టగట్టుకుని పోయారు. ఆ రాజ్యంలో జనం ఎట్లా మిగిలారో నాకు అర్థం కాలేదు. చచ్చిన ప్రతివాడికీ తిమ్మక్క వండిపెట్టాల్సిందే. నేనోసారి ఐజాకన్నను నిలబెట్టి, బొమ్మల చావులకు జబ్బు మనిషి చేత వంట చేయించుకోవడానికి సిగ్గు లేదా అని కడిగేశాను. చావు చావే కదప్పా అని తప్పించుకుపోయాడు. నాకు ఒళ్లు మండింది.

రంజాన్ పండక్కి వచ్చిన మా బామ్మర్ది అప్పటికి వచ్చిన మూడు భాగాలూ ఇంకో సెట్టు తెచ్చాడు. ఐజాకన్నతో పోట్లాడాలంటే విషయం తెలియాలి కదా అని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను పుస్తకం పట్టాను. గండరాయుణ్ణి పొడిచిన పేజీ వచ్చింది. నేనూ అయ్యో అన్నాను. పేజీ తిప్పాను. గండరాయుడు కవచం విప్పి, బల్లెం ముక్క పీకి పారేసి, గుర్రమెక్కుతున్నాడు. తమ్ముడు బతికే ఉన్నాడు. వంటవాడు నిక్షేపంగా వంకాయలు వేయిస్తున్నాడు. మూడు భాగాలూ కలిపి చచ్చింది ఒక్క పాము. నేను దిమ్మెరపోయి, పేజీలో వేలు పెట్టుకుని, చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తాను.

"ఐజాకన్నా, గండరాయుడు బతికే ఉండాడు" అన్నాను వరండా మెట్లెక్కుతూనే.

ఆయన తిమ్మక్క ఇంటివైపు ఒకసారి చూసి, నన్ను లోపలికి లాగి తలుపేశాడు.

"మెల్లగా మాట్లాడప్పా. మొదటి తూరి నేను నిజంగానే అదరిపోయినా. ఆ పేజీ కాడ్నే మూసేసినా, పొయ్యి ముట్టించబుద్ధి కాలా. వదిన సంగటి తెచ్చింది. ఒక్కణ్ణే తినలేను, నువ్వూ కూచో వదినా అంటి. కూచుని రెండు ముద్దలు తినింది హబీబూ. ఓబుళేసు పోయినంక ఆమె అన్నం ముట్టింది ఆ పొద్దే. తెల్లారి పేజీ తిప్పితే ఈ నా కొడుకు లేచి కూచున్న్యాడు. ఏం చేసేది? వీడు లేచినాడని చెప్తే ఆడ ఆమె పొయ్యి ఆరిపోతాది."

"అందుకని అందర్నీ చంపేస్తివా?"

"చంపితి. సేనాధిపతులు అయిపోయినారు, వంటోళ్ల కాడికొచ్చినా" అన్నాడు దిగులుగా. "గుర్రం కాలు మాత్రం నిజంగానే విరిగిందప్పా. దేవుని మందిరంలో అబద్ధం చెప్పలేదు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ మాటకొస్తే తిమ్మక్క ముఖంలో ఈ మధ్య కళ వచ్చిన సంగతి నేను గమనించనే లేదు. ఈ సంగతి ఆమె చెవిన పడకూడదని ఒట్టు పెట్టుకుని బయటపడ్డాను. తెల్లారి షాపుకు పోతుంటే తిమ్మక్క గడప మీద కూచుని ఉలవలు ఏరుతోంది. చూడనట్టు దాటిపోదామనుకున్నాను.

"నిన్న తలుపేసుకుని ఏం గుసగుసలప్పా? గండరాయుడు బతికుండాడని నీకు ఇప్పుడు తెలిసిందా?" అంది చేట లోంచి తలెత్తకుండానే.

నీకెట్లా తెలుసని అడుగుతూ వెనక్కి తిరిగాను.

"నాకు అక్షరాలు రావు గానీ కండ్లు ఉండాయి కదా. ఆయప్ప తిని చెయ్యి కడుక్కోను పోతా పుస్తకం నా పక్కనే మరిచిపోతాడు. తిప్పి చూస్తే చచ్చినోడు పేజీ పేజీకి గుర్రమెక్కి తిరుగుతాండాడు" అంది.

మరి తెలిసి తెలిసీ ఎందుకు వండుతున్నావు తిమ్మక్కా అని అడిగాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"మా ఇంటాయన పోయిన పొద్దు ఈయప్ప కంట్లో చుక్క నీళ్లు రాలేదు. అందరికీ అన్నీ చేసి, ఇంట్లోకి పోయి ఒక్కడే తలుపేసుకున్న్యాడు. నలభై ఏండ్ల జత కదా. ఆ దుఃఖం యాడో ఒకచోట బయటికి రావల్ల. బొమ్మల మీద పడి ఏడుస్తాండాడు, ఏడ్వనీ. నేను పక్కన కూచుని తినకుంటే ముద్ద ముట్టడు. ఆయప్ప కోసమే నేనూ తింటాండా. చెప్పి బాధపెట్టొద్దు."

అంటే ఈమెను బతికించడానికి ఆయన, ఆయన్ను ఓదార్చడానికి ఈమె. మధ్యలో ఒట్టు మీద ఒట్టు పెట్టుకుని నోరు కుట్టుకున్నవాణ్ణి నేను. రోజుకు వంద కాపీలు తీసే నాలాంటివాడికి ఒక్క మాట కూడా ఇంకొకరికి అందించకుండా ఉండడం ఎంత కష్టమో ఎవరికీ తెలియదు. నేను చేసిందల్లా ఒకటే, బామ్మర్ది సెట్టు తిమ్మక్కకు ఇచ్చేశాను. కొత్త భాగం వస్తే ఆమెకూ ఒకటి తెప్పిస్తానన్నాను.

మొన్న నాలుగో భాగం వచ్చింది. ఇద్దరికీ చేర్చాను. ఆ రోజంతా ఐజాకన్న బయటికి రాలేదు. మర్నాడు మధ్యాహ్నం కూడా వీధి నిశ్శబ్దంగా ఉండేసరికి నాకు భయమేసి చూసి రావడానికి వెళ్లాను. వరండాలో కూచుని ఉన్నాడు. కళ్లజోడు నుదుటి మీద లేదు, కళ్ల మీదే ఉంది. పుస్తకం మూసి ఉంది, లోపల వేలు లేదు. గడ్డం అదురుతోంది, చెంపలు తడిసి ఉన్నాయి. ఆ మనిషి ఏడవడం నేను చూడటం అదే మొదలు. అలవాటు కొద్దీ ఊర్లోనా, పుస్తకంలోనా అని అడిగాను.

జవాబు గేటు దగ్గర్నుంచి వచ్చింది. తిమ్మక్క ఒక చేత్తో సంగటి గిన్నె, ఇంకో చేత్తో ఊరిబిండి పట్టుకుని మెట్లెక్కుతోంది. ఆమెను ఎవరూ పిలవలేదు.

"పుస్తకంలోనే. బూదవ్వ. ఈ తూరి నిజంగానే పోయింది" అంది నాతో. నేల మీద గిన్నె దించి, మూడు కంచాలు పరిచింది. "మబ్బులన్నిట్నీ కిందికి వదిలేసి పోయింది మహాతల్లి. లెయ్యప్పా, సంగటి చల్లారిపోతాది."

ఐజాకన్న కళ్లు తుడుచుకుని కంచం ముందుకు జరిగాడు. ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆగాడు.

"నేను చెప్పలేదు కదా. నీకెట్ల తెలిసింది వదినా?"

"బొమ్మలు చూసినా."

"ఒక్క ఈ పుస్తకమేనా?"

"మొదట్నుంచీ అన్నీ. గండరాయుడు బతికుండాడు, వాని తమ్ముడు బతికుండాడు, వంటోడు వంకాయలు వేయిస్తాండాడు. తిను."

ఐజాకన్న కళ్లజోడు మెల్లగా నుదుటి మీదికి పోయింది. తిమ్మక్క ఏమీ ఎరగనట్టు తన కంచంలో రెండో ముద్ద వేసుకుంటోంది. ఆయన నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించాడు.

"ఘోరం జరిగిపోయిందప్పా."

"ఊర్లోనా, పుస్తకంలోనా?"

"ఊర్లోనే" అన్నాడు ఐజాకన్న, సంగటి ముద్ద ఊరిబిండిలో అద్దుకుంటూ.