కల్లు కోసం వెళ్లిన మేష్టారి అమ్మాయి

మా గైడుగారు సామాన్యంగా నవ్వరు. ఆ రోజు మాత్రం నవ్వుతూ, "మీది రాజోలు వైపు కదమ్మా, అక్కడ తాటికల్లు బాగా దొరుకుతుందటగా?" అని అడిగారు.

డెబ్బైల చివరి మాట. నేను విశాఖపట్నంలో బయోకెమిస్ట్రీ రీసెర్చిలో చేరి నాలుగు నెలలైంది. కల్లు పులవడం ఈస్టు ఒక్కదాని వల్లే కాదు, అందులో ఒక బ్యాక్టీరియా కూడా ఉంటుంది. చక్కెరను ఆల్కహాలు చేయడానికి దాని దారి వేరు, ఎంజైములు వేరు. గబగబా తింటుంది గాని, ఈస్టుకి ఒంటబట్టేదాంట్లో దీనికి సగమే ఒంటబడుతుంది. ఆ ఎంజైములను విడదీసి చూడటం నా పని. దానికి ముందు ఆ జీవి కావాలి. అంటే కల్లు కావాలి.

చిక్కల్లా మా నాన్నగారితోనే. ఆయన మా ఊరి బళ్లో హెడ్మాస్టరు, చర్చిలో సంఘపెద్ద. మద్యపానం మీద ఏటా ఆయన చేసే ప్రసంగం మా ఊళ్లో పిల్లలకి కూడా కంఠతా వచ్చు.

ఇంటికి వెళ్లి సంగతి చెప్పగానే అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నాన్నగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఎంత కావాలి?"

"రెండు సీసాలండి."

"తాగడానికి కాదు గదా?"

"కాదండి."

"అయితే నేనూ వస్తాను. నువ్వొక్కదానివే వెళ్తే ఊరు నాలుగు మాటలంటుంది."

ఇద్దరం వెళ్తే ఎనిమిదంటుందని ఆయనకి తట్టలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా కాలవగట్టు మీద తాటిచెట్ల దగ్గరికి వెళ్లాం. కల్లు గీసే పెద్దాయన అప్పుడే చెట్టు దిగి నడుముకి చుట్టిన మోకు విప్పుకుంటున్నాడు. నాన్నగారిని చూసి కంగారు పడ్డాడు.

"మేష్టారూ! తమరేంటండీ ఇలా వచ్చేరు? ఇక్కడే ప్రసంగం పెడతారాండీ?"

"లేదయ్యా. కల్లు కావాలి."

ఆయన విప్పుతున్న మోకు మళ్లీ బిగించుకుని "ఆయ్" అన్నాడు.

నేను ల్యాబులో ఉడికించి తెచ్చిన సీసాలిచ్చి, చెట్టుకి ఇవే కట్టమన్నాను. ఆయన ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇందులో ఏ వాసనా లేదండి అమ్మాయిగారూ. కల్లు సరిగ్గా పొంగదండి. పాత మట్టిలొట్టి కట్టాలండి. అడుగున కాస్త మడ్డి ఉంటేనే పులుస్తదండి."

"శుభ్రంగా ఉండాలి బాబాయ్," అన్నాను, చదువుకున్నదాన్ని కదా.

"ఆయ్, తమ ఇష్టమండి."

ఆ సీసాల్లోంచి తీసి పెంచితే నానా రకాలూ మొలిచాయి, నాక్కావలసింది తప్ప. మూడు వారాల్లో మళ్లీ వెళ్లాను. పెద్దాయన దెప్పలేదు. "పొంగలేదాండీ?" అని మాత్రం అడిగి, పాత లొట్టి అడుగునున్న మడ్డి సీసాలో పోసి ఇచ్చాడు. "బిరడా బిగించకండి. దానికి ఊపిరాడాలండి."

ఒలికిపోతుందన్న భయంతో బస్సెక్కగానే బిగించాను. రావులపాలెం దాటాక ఢామ్మని పేలింది. బిరడా బస్సు టాపుకి తగిలింది, నురగంతా నా తెల్లచీర మీద పడింది. బస్సులో కల్లుపాక వాసన.

"ఇది రీసెర్చి కోసమండీ," అన్నాను కండక్టరుతో.

"మా బావమరిది కీళ్లనొప్పుల మందంటాడండీ," అన్నాడాయన జాలిగా.

ఆ బస్సులో మా ఊరివాళ్లు ముగ్గురున్నారు. ఆదివారానికల్లా సంగతి చర్చికి చేరింది. నాన్నగారు ఆరాధన కాగానే లేచి, "మా అమ్మాయి కల్లు తాగదు. కల్లులో ఉండే పురుగుల మీద చదువుతోంది," అని ప్రకటించారట. ఇన్నేళ్ల ప్రసంగాలకీ మానని వాళ్లు ఆ ఒక్క మాటకి కల్లు మానేశారు. నాలుగో రోజున పెద్దాయన మా గుమ్మం ముందుకొచ్చాడు.

"మేష్టారూ, నా కల్లులో పురుగులన్నారంటండి?"

నాన్నగారు ఇరుకున పడ్డారు. అబద్ధమాడే అలవాటు లేదు. మరుసటి ఆదివారం మళ్లీ లేచి, "అవి కంటికి కనిపించవు, పెరుగులో ఉండేవాటి లాంటివే, ఏ హానీ చెయ్యవు," అని వివరించారు. సంఘపెద్ద కల్లు తరఫున మాట్లాడటం మా చర్చిలో అదే మొదలు. ఆ సంగతి నాకు ఉత్తరం రాస్తూ అమ్మ, నవ్వాపుకోలేక అక్షరాలు వంకరపోయాయని కూడా రాసింది.

సీసాలో మిగిలిన సగం మడ్డి చాలింది. మైక్రోస్కోపు కింద నాక్కావలసిన బ్యాక్టీరియా లావుపాటి కడ్డీల్లా జతలు జతలుగా కనిపించిన రోజున నేను గైడుగారి గదిలోకి అడగకుండానే వెళ్లిపోయాను. తర్వాత నాలుగేళ్లు వాటిని పెంచడం, పగలగొట్టడం, చల్లటి గదిలో వణుకుతూ ఎంజైములు విడదీయడం. అవి ఎన్నోసార్లు మొండికేశాయి. చివరికి రెండు ఎంజైములు లొంగాయి. థీసిసు పూర్తయింది.

కృతజ్ఞతల పేజీలో పేరు రాస్తానంటే పెద్దాయన ఒప్పుకోలేదు. "నా పేరెందుకండీ, మేష్టారిది రాయండి." నాన్నగారిని అడిగితే ఉలిక్కిపడ్డారు. "కల్లు పుస్తకంలో నా పేరా!"

అందుకని "రాజోలు ప్రాంతపు పెద్దలిద్దరికి" అని రాశాను. మౌఖిక పరీక్షకి వచ్చిన ప్రొఫెసరుగారు వాళ్లెవరని అడిగారు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఎంజైముల గురించి అడగడానికి ఆయనకిక టైము మిగల్లేదు.