ఒకే చెక్క మీద తిన్నందుకు

నన్ను పంక్తిలోంచి లేపేసిన రోజు మా ఇంట్లో గోంగూర పచ్చడి. ఈ సంగతి తనకి గుర్తే లేదని మా తోడికోడలు చాలాసార్లు అంది. నాకు మాత్రం గుర్తుంది. రెండో ముద్ద కలుపుకొని నోటి దగ్గరికి తెచ్చేసరికి మా అత్తగారు "ఇక లే" అన్నారు. ఆ ముద్ద కంచంలోనే ఉండిపోయింది. ఎందుకు లేపారో చెప్పాలంటే మఠం వంటింటి దగ్గర మొదలుపెట్టాలి.

మాది నేత ఇల్లు. బెజవాడలో కాలవ పక్క సందులో ఉండేవాళ్ళం. యుద్ధం అయిపోయినా నూలు మీద కంట్రోలు పోలేదు. పర్మిటు మీద వచ్చే నూలు నెలలో పది రోజులకి కూడా చాలేది కాదు. రెండు మగ్గాల్లో ఒకటి పూర్తిగా ఆగిపోయింది. మా ఆయన షోలాపూరు మిల్లుకి వెళ్ళిపోయారు. బావగారు గవర్నర్‌పేటలో ఒక బట్టల కొట్లో గుమాస్తాగా కుదిరారు. క్రైస్తవ సిస్టర్లు ఉండే కన్యకల మఠంలో దుప్పట్ల అంచులు కుట్టడానికి మనిషి కావాలని తెలిసి నన్ను పంపింది మా అత్తగారే. నేనే ఎగేసుకుని వెళ్ళానని తర్వాత వీధంతా చెప్పారు. కనుక ఆ ముక్క ముందే రాస్తున్నాను.

"కుట్టుపని చేసుకురా. అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టకు. డబ్బా పట్టుకెళ్ళు" అన్నారు. మా ఇంట్లో మగవాళ్ళు జంధ్యం వేసుకుంటారు. బయటి మెతుకు తినే అలవాటు ఎవరికీ లేదు. సరేనన్నాను.

రెండు నెలలకి మఠంలో వంటమనిషి మానేసింది. వంట చూసే ముసలి సిస్టరమ్మ ఒక్కతే అయిపోయి, కుట్టుపని దగ్గర్నుంచి నన్ను పిలిచింది. ఆవిడది ఇటలీ. కొండల్లో చిన్న పల్లె అట. బెజవాడ వచ్చి చాలా ఏళ్ళయింది కాబట్టి తెలుగు మాలాగే మాట్లాడేది, కాకపోతే కోపం వచ్చినప్పుడు మాత్రం వాళ్ళ భాష. యుద్ధంలో వాళ్ళ దేశం అవతలి పక్షమని, పోలీసులు ఆవిడని ఊరు దాటనివ్వలేదట. ఇంటి నుంచి ఉత్తరాలు ఆగిపోయి, మళ్ళీ రానే లేదు.

ఆ ఏడు రేషను బియ్యం సగానికి కోసి, మిగతా సగానికి మొక్కజొన్నలు ఇచ్చారు. షాపు ముందు నిలబడ్డవాళ్ళంతా తిట్టుకుంటూ పుచ్చుకున్నారు. పశువుల మేత మనుషులకి పోస్తారా అని ఒకాయన సంచీ అక్కడే విసిరికొట్టాడు. సిస్టరమ్మ మాత్రం మర పట్టించిన పిండిలో చెయ్యి పెట్టి, పిడికిలి తీసి వాసన చూసి, అలాగే నిలబడిపోయింది.

"ఏంటండీ, పురుగుందా?" అన్నాను.

"మా అమ్మ వంటిల్లు అమ్మాయ్ ఇది" అంది.

ఆ పిండితో ఆవిడ చేసే వంట నేను నేర్చుకున్న తీరు ఇది. పెద్ద గిన్నెలో నీళ్ళు తెర్లాలి. ఉప్పు వెయ్యాలి. ఎడమ పిడికిట్లోంచి పిండిని సన్నటి ధారగా వదులుతూ కుడిచేత్తో కర్ర తిప్పుతూ ఉండాలి. ఇక ఆపకూడదు. ముప్పావు గంట. నేను సంకటి కెలికినదాన్నే కాబట్టి ఇదేం గొప్ప అనుకున్నాను. ఇరవై నిమిషాలకి భుజం పడిపోయింది. ఆవిడ నవ్వి కర్ర అందుకుంది. ముద్ద గిన్నె అంచులు వదిలి ఒక్క ఉండలా తిరగడం మొదలెట్టాక, గిన్నెని చెక్క పలక మీద బోర్లించేది. పసుపుపచ్చగా, పొగలు కక్కుతూ గుండ్రంగా కూచునేది. దాన్ని కత్తితో కొయ్యరు. దారం కిందికి దూర్చి పైకి లాగుతారు.

"మీ ఇంట్లో నూలు ఉంటుందిగా, ఒక పోగు తీసుకురా" అంది.

మర్నాడు నా బొడ్లో ఉన్న తెగిన పోగుల్లోంచి గట్టిది చూసి ఇచ్చాను. గట్టిదే కానీ, ఎర్ర అంచుకోసం అద్దకం వేసినది. కాలిపోతున్న ముద్దలోంచి లాగేసరికి ప్రతి ముక్కకీ గులాబీరంగు చార పడింది. నేతపిల్లని అయ్యుండి రంగు నిలిచిందో లేదో చూడకపోవడం ఎంత సిగ్గు! సిస్టరమ్మ నేల మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. పైన భోజనాల గదిలో ఆ పూట సిస్టర్లందరూ చారల ముక్కలే తిన్నారు. ఆ తర్వాత తెల్ల పోగే పట్టుకెళ్ళాను.

దాంట్లోకి కూర కొనేవాళ్ళం కాదు. ఏరుకొచ్చేవాళ్ళం. తొలి వానలు పడ్డాక కాలవ గట్టున పొనగంటి, గలిజేరు, ముళ్ళతోటకూర, గంగపాయ ఎంతైనా దొరికేవి. ఆకులు నాకు తెలుసు, చేదు ఆవిడకి తెలుసు. తెలియని మొక్క కనబడితే చిగురు తుంచి పంటికింద పెట్టుకునేది. విషమో ఏమిటో అని నేను చెయ్యి పట్టుకుని లాగేదాన్ని. వాళ్ళ ఊళ్ళో మంచు కరగ్గానే ఆడవాళ్ళు చిన్న కత్తి, గోనెసంచీ పట్టుకుని పొలాల మీద పడతారట. పువ్వు పుయ్యకముందే కొయ్యాలట, పూస్తే ఆకు ముదిరి చేదెక్కుతుందట. తెచ్చిన ఆకంతా ఉడకబెట్టి, నీళ్ళు పిండేసి, వెల్లుల్లీ ఎండుమిరపకాయా నువ్వులనూనెలో వేగాక అందులో తిప్పేది. వాళ్ళ దేశపు నూనె దొరకదని రోజూ అనేది. రోజూ వినేదాన్ని.

సిస్టర్లకి ముక్కలు కోసి పైకి పంపాక, వంటింటికి మిగిలింది మళ్ళీ పలక మీదే ఉండేది. ఆవిడ ముద్ద మధ్యలో గుంట చేసి అందులో కూర పెట్టి, "రా. నీ వైపు నీది, నా వైపు నాది. మధ్యలో కూర ఎవరు ముందు చేరితే వాళ్ళది" అనేది. చిన్నప్పుడు తొమ్మిదిమంది ఒకే పలక చుట్టూ అలా తినేవాళ్ళట. కంచాలు లేవట. అన్నలు మోసం చేసి తన వైపు గీత దాటేవాళ్ళట.

నెల రోజులు నేను కదల్లేదు. గుమ్మం పక్కన కూచుని నా డబ్బాలో అన్నం నేను తిన్నాను. ఒక రోజు డబ్బా తీస్తే అడుగంటిన మాడు. కూర లేదు, మజ్జిగ లేదు. డబ్బా సర్దేది మా తోడికోడలు. తొందరలో చూసుకోలేదని తర్వాత అంది. తన పిల్లల డబ్బాలో మాడు ఒక్కనాడూ పడలేదు. ఆ రోజు లేచి వెళ్ళి పలక ముందు కూచున్నాను. ఎదురుగా ఒక మనిషి కూచుని, నా ముఖం చూస్తూ తినడం మా ఆయన వెళ్ళాక అదే మొదలు. ఇంట్లో మేం ముగ్గురం ఆడవాళ్ళం ఒకే వరసలో కూచునేవాళ్ళమే. కానీ వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవాళ్ళు, నేను వడ్డించుకునేదాన్ని.

ఇంట్లోనూ మొక్కజొన్నలే కదా. ఎవరికీ వండడం చేతకాక పిల్లలు ఏడుస్తుంటే నేను ఆ వంట చేశాను. పాత చెక్క పలక ఒకటి గీకి కడిగి, ముద్ద దాని మీద బోర్లించి, నూలుపోగుతో కోసి, గలిజేరు వేపుడుతో కంచాల్లో పెట్టాను. బావగారు మూడోసారి అడిగి వేయించుకున్నారు.

"ఎక్కడ నేర్చావే ఇది?" అన్నారు అత్తగారు.

"మా అమ్మ చేసేది."

"మీ అమ్మకి ఈ మాత్రం తెలివుందన్నమాట!"

పెళ్ళయ్యాక మా అమ్మని ఆవిడ మెచ్చుకోవడం అదొక్కసారే. అబద్ధం చెప్పిన మాట నిజం. కానీ ఆ మెప్పు వెనక్కి ఇవ్వబుద్ధి కాలేదు. నాలుగు నెలలు వారానికి మూడు రోజులు ఇంటిల్లిపాదీ అదే తిన్నారు.

ఒక మధ్యాహ్నం మా తోడికోడలు పెట్టె తాళంచెవి నా దగ్గర ఉండిపోయిందని మఠానికి వచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి, పలకకి అటు సిస్టరమ్మనీ ఇటు నన్నూ చూసింది. తాళంచెవి పుచ్చుకుని వెళ్ళింది. ఆ సాయంత్రమే గోంగూర పచ్చడి.

"ఆ దొరసానితో ఒకే చెక్క మీద తిన్నావా లేదా?" అన్నారు అత్తగారు.

"తిన్నాను."

"ఎంగిలి కూడు!"

"ఎంగిలేముంది అత్తయ్యా? పోగుతో కోసుకుని ఎవరి వైపు వాళ్ళం తిన్నాం."

"మరి మధ్యలో కూర?" అంది తోడికోడలు.

జవాబు లేనప్పుడు ఊరుకోవడం నా వల్ల కాదు. "నాలుగు నెలలుగా మీరంతా తింటున్నది ఆవిడ వంటే" అన్నాను.

అత్తగారు లేచి పెరట్లోకి వెళ్ళి నోరు పుక్కిలించుకుని వచ్చారు. పుక్కిలిస్తే పోవడానికి అదేమైనా ఆ పూట తిన్నదా? వచ్చి, పంచగవ్యం పుచ్చుకోవాలి, మఠం మానెయ్యాలి, అప్పుడే పంక్తిలోకి రావాలి అన్నారు.

"పుచ్చుకుందాం. అందరం. మీరూ తిన్నారుగా."

"మేం తెలీక తిన్నాం."

"నూలుకి పెట్టడానికి వీధంతా తిరిగి ఎవరెవరి గంజో తెచ్చుకుంటాం. అప్పుడు ఏ వంటింటిదని అడిగామా?"

"నోరు చూడు దానికి!" అన్నారు ఆవిడ. అంతే. మర్నాటి నుంచి ఆగిపోయిన మగ్గం ఉన్న గదిలో నాకు వేరే పొయ్యి. మగ్గం గుంట మీద బల్ల వేసి గిన్నెలు పెట్టుకున్నాను. గోడ అవతల వాళ్ళ కంచాలు పెట్టే చప్పుడు వినబడేది. రెండు కంచాలు. ఎన్ని రోజులైనా నాకు ఆ చప్పుడు అలవాటు కాలేదు.

ఇంట్లో జరిగింది సిస్టరమ్మకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆవిడకి మనసు ఆగక వెళ్ళి పెద్ద సిస్టరుతో అంతా చెప్పేసింది. మఠంలో వాళ్ళు భోజనాల గదిలో తప్ప ఇంకెక్కడా, ఇంకెవరితోనూ తినకూడదని నియమం ఉందట. నాకోసం ఇన్నాళ్ళూ తప్పిందట. మర్నాడు నా వాటా ఒక సత్తు పళ్ళెంలో పెట్టి పెరటి మెట్ల మీదికి తెచ్చింది.

"ఇక్కడ కూచుని తిను అమ్మాయ్. మా నియమం" అంది, నా ముఖం చూడకుండా.

"మా ఇంట్లోనూ నియమమేనండి" అన్నాను. పళ్ళెం ముట్టలేదు.

మర్నాడు కుట్టుపనికి వెళ్ళిపోయాను, వంటింటి వైపు పోలేదు. ఆవిడ రెండుసార్లు కబురు పంపింది. కాలవ గట్టున ఒంటరిగా ఆకు ఏరుకుంటూ కనబడితే నేను అవతలి దారిన పోయాను. ఏడాది తిరక్కుండానే ఆవిడని గన్నవరం అవతల ఎక్కడికో మార్చారు. వెళ్ళే రోజు కుట్టుగదికి వచ్చి, "వెళ్తున్నా అమ్మాయ్" అంది. సూదిలో దారం ఎక్కిస్తూ "మంచిదండి" అన్నాను. కాసేపు నిలబడింది. నేను తలెత్తలేదు. ఆవిడ చేసింది తప్పే అని ఇప్పటికీ అంటాను. తలెత్తకపోవడం గురించి ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

మా ఆయన పది రోజుల సెలవు మీద వచ్చారు. మొదటి పూట తల్లి వడ్డించగా లోపల తిని, తర్వాత నా గది గుమ్మంలో నిలబడ్డారు. ఆయనకోసం ముద్ద తిప్పి, పొనగంటి కూర వండి, పలక ఎదురుగా రెండు పీటలు వేసి ఉంచాను.

"గుక్కెడు తాగేస్తే పోతుందిగా. అమ్మ పెద్దది" అన్నారు.

"మీరు ఇక్కడ నాతో కూచుని తినండి. తాగుతాను."

ఆయన వెనక్కి తిరిగి ఇంట్లోకి చూశారు. "ఇప్పుడే తిన్నాను" అన్నారు. పది రోజులూ ఇప్పుడే తిన్నారు. షోలాపూరు నుంచి ఉత్తరాలు బావగారి పేరునే వచ్చేవి. అందులో అందరూ క్షేమమా అని ఉండేది. ఆ అందరిలో నేను ఉన్నానో లేదో ఆయనకే తెలియాలి.

ఆ మరుసటి ఎండాకాలం మా తోడికోడలు పిల్లల్ని తీసుకుని పురిటికి పుట్టింటికి వెళ్ళింది. బావగారు పొద్దున్నే చద్దన్నం తిని కొట్టుకి పోయేవారు. మూడో రోజు మధ్యాహ్నం అత్తగారు నా గది గుమ్మం దగ్గరికి వచ్చారు. ఆ గది ముందుకి ఆవిడ రావడం అదే మొదటిసారి. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు. వేలికి కాలిన బొబ్బ కనిపించింది.

"లోపలికి రా. ఇద్దరం కలిసి తిందాం" అన్నారు.

"పంచగవ్యం?"

"అదేం వద్దులే."

"మఠం?"

"నీ ఇష్టం."

నేను కోరని రెండూ ఇచ్చేశారు. నాకు కావాల్సింది ఇంకొకటి. "నన్ను లేపడం తప్పని చెప్పండి అత్తయ్యా" అన్నాను.

"పెద్దదాన్ని, నేను నీకు చెప్పాలా?"

"మీరే చెప్పాలి."

గది అంతా ఒకసారి చూశారు, మగ్గం, బల్ల, నా ఒక్క కంచం. "పచ్చడి కూడా చేశాను" అన్నారు.

నేను నా పొయ్యి మీది గిన్నె దించుకున్నాను. ఆవిడ వెళ్ళిపోయారు. గోడ అవతల ఒక్క కంచం పెట్టిన చప్పుడు వినబడింది. పొయ్యిలో మిగిలిన కట్టె సరిగా మండలేదేమో, పొగకి చాలాసేపు దగ్గారు. వెళ్ళి గొట్టంతో ఊదితే ఒక్క నిమిషం పని. నేను లేవలేదు. అన్నం ముందు పెట్టుకుని ఆవిడ దగ్గు ఆగేదాకా కూచున్నాను. ఆగాక తిన్నాను.