బాతులకు తెచ్చిన సగం ధర చెక్క

నూనె తీయగా మిగిలి, వానకు తడిసిన వేరుశనగ చెక్కను సగం ధరకు కొట్టేసిన మొనగాణ్ణి విరుదునగర్ బజారంతటిలో నేనొక్కణ్ణే. దాన్ని బాతులకు పెట్టిందీ నేనే గనుక ఈ ఘనతలో వాటా అడిగేవాళ్లు ఇప్పటిదాకా ఎవరూ రాలేదు.

మొన్న కోవిల్‌పట్టిలో పశువుల మందుల అంగడి ముందు నిలబడి ఒక పొట్లం వాసన చూసేసరికి ఇదంతా గుర్తుకొచ్చింది. పసుపు, వెల్లుల్లి, మునగాకు, నేల ఉసిరి ఎండబెట్టి పొడి చేశారట; మేతలో కలిపితే బాతులు ఆరోగ్యంగా ఎదుగుతాయని పైన అచ్చు వేశారు. ధర కూడా అచ్చు వేసేశారు. ఇక నాలాంటివాడికి అక్కడ పనేముంది?

మాది అంగళ్లవాళ్ల ఇల్లు. మాటలకంటే ముందు నాకు తూకమే వచ్చిందని మా నాన్న నలుగురిలో చెప్పుకునేవాడు. మా మేనత్త మాత్రం కోవిల్‌పట్టిలో ఉండేది, భర్త పోయాక అగ్గిపెట్టెల ఆపీసుకు కూలికి పోయేది (మావైపు ఆ ఫ్యాక్టరీలను ఆపీసు అనే అంటారు). పుల్లల మందు తగిలి ఆమె వేళ్లు ఎప్పుడూ పుండ్లు పడి ఉండేవి. కారం కూరతో అన్నం కలుపుకోవడానికి కూడా భయపడేది. ఒక ఏడాది వానలు బాగా పడి, ఊరి బయట కన్మాయి, అంటే మా చెరువు, అంచుల దాకా నిండింది. మంద తోలుకుంటూ దారిన పోయేవాడి దగ్గర అత్త బాతుపిల్లలు కొన్నది. గుడ్లు అమ్ముకుని బతకాలనీ, ఆపీసు గడప మళ్లీ తొక్కకూడదనీ ఆమె ఆశ. ఇంటి బేరగాణ్ణి గనుక మేత తెచ్చే పని నా మీద పెట్టింది.

నూనె మిల్లు వెనక, కప్పు కారే కొట్టంలో ఆ చెక్క దొరికింది. పచ్చటి బూజు పట్టిన మూలను చూపించి ధర తగ్గించిందీ నేనే, కొన్న మరుక్షణం ఆ మూలను మరిచిపోయిందీ నేనే. అలాంటి చెక్క ఆవులు తినడం చూసినవాణ్ణి, బాతులకేమవుతుందిలే అనుకున్నాను. కొన్నాళ్లకే పిల్లలు రెక్కలు వేలాడేసి, కాళ్లు తడబడి, ఒక్కొక్కటే ఒరిగిపోసాగాయి. ఆవు ఓర్చుకున్న బూజును బాతుపిల్ల ఓర్చుకోలేదని పశువుల డాక్టరు చెప్పాక, అత్త నన్ను పిలిచింది.

"ఏమిరా అబ్బయా, ఈ చెక్క ఎంతకి తెస్తివి?"

సగం ధరకని చెప్పాను. అప్పటికీ గొంతులో కొంచెం గర్వం ఉంది.

"తక్కిన సగం నా బాతులు ఇస్తా ఉండాయి, పోయి చూడుపో."

చెక్కంతా గొయ్యి తీసి పూడ్చింది. డాక్టరు మందు ఒకవైపు పోస్తూనే, నేల ఉసిరి, మునగాకు, పసుపు నూరి సజ్జ సంకటిలో కలిపి పెట్టింది. "కామెర్లొస్తే మనం తాగే ఆకే గదరా, ఇవిటికి మట్టుకు కడుపు లేదా?" అనేది. అత్త ఇంట్లోనే ఉండి, రోజూ తెల్లారగానే నల్లరేగడి గట్ల వెంట ఆ ఆకు కోసుకు రావడం నా శిక్ష. గట్టు మీది మొక్క బేరానికి లొంగదు, నడుము వంచితేనే చేతికొస్తుంది.

చావులు ఆగాయి. మిగిలినవాటి ఈకలకు నిగనిగలు తిరిగి వచ్చాయి. నేను కోసిన ఆకు మహిమేనని వీధిలో చెప్పుకుంటుంటే అత్త విన్నది.

"డాక్టరు కొంచెం, ఆకు కొంచెం, నీ చెక్క పెట్టేది మానింది శానా. నీ పేరు దేంట్లోనూ లేదు, లోపలికి రా."

ఆ మిగిలిన బాతుల గుడ్లతోనే ఆమె ఇల్లు గడిచింది. ఆపీసుకు మళ్లీ పోలేదు. వేళ్లు మానాయి, కారం కలుపుకుని అన్నం తిన్నది. బాతుల మేత మాత్రం ఇంకెప్పుడూ నా చేత తెప్పించలేదు.

ఇప్పుడా కన్మాయి గట్టు మీద ఇళ్లు లేచాయి, మందలవాళ్లు ఆ దారిన రావడం మానేశారు, గట్ల మీది ఆకు పొట్లంలోకి ఎక్కింది. అత్త పోయి చాలా కాలమైంది. నిజం లెక్క చెప్పాలంటే, ఆ బేరంలో నేను మిగిల్చింది చెక్కలో సగం ధర, అందుకు పోయింది అత్త మందలో సగం. మొన్నటి పొట్లాన్ని మారుమాట్లాడకుండా అచ్చేసిన ధరకే కొని తెచ్చాను. నా జన్మలో బేరమాడకుండా కొన్న మేత అదొక్కటే. దాన్ని తినడానికి ఇంట్లో బాతులు లేవు.