బతుకమ్మకు పడుకున్న బ్యాటరీ, లేపిన మా వియ్యంకుడు

నిన్న పొద్దున కోడలు ఫోన్ చేసి, "అత్తమ్మా, నాయిన పోయిండు" అంది.

నమ్మలేదు. మొన్న సాయంత్రమే మా వియ్యంకుడు సైదులు గారు ఫోన్‌లో నాతో గొడవ పెట్టుకున్నారు. గొడవ సగంలో వదిలేసే మనిషి కాదు.

ఆయనది మిర్యాలగూడలో బ్యాటరీల షాపు. నేను సూర్యాపేటలో ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. కరెంటు గురించి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఏ ఫంక్షన్‌లోనూ పక్కవాళ్ళను ప్రశాంతంగా తిననివ్వలేదు.

ఒక్క సంగతి చెప్పి తీరాలి.

కోదాడలో బాడీ కట్టించి మేమొక వ్యాన్‌ను ఇల్లుగా మార్చుకున్నాం. మా ఆయనకు ముక్కుకు మెషిన్ పెట్టుకోకపోతే నిద్రలో ఊపిరి ఆగుతుంది. కరెంటు పోతుందన్న భయంతో పదేళ్ళుగా ఇల్లు దాటి ఎక్కడా పడుకోలేదు. వ్యాన్ లోపలి బ్యాటరీ మీద ఆ మెషిన్ నడుస్తుందని తెలిసి, సముద్రం చూస్తానని బ్యాగు సర్దుకున్నారు.

బయల్దేరేది దసరా తర్వాత.

బతుకమ్మ తొమ్మిది రోజులూ వాడకట్టు ఆడవాళ్ళకు పాటల బాక్సు, సీరియల్ లైట్లు ఆ బ్యాటరీ మీదే నడిపించింది ఎవరు?

నేనే. ఫిజిక్స్ టీచర్‌ని.

చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, పాట మధ్యలో ఆగింది. ఛార్జర్ పెడితే, అక్కడ బ్యాటరీ ఉన్నట్టే గుర్తించలేదు. చూసినవాళ్ళంతా తుక్కుకు వేయమన్నారు. అలాంటిది కొత్తది రావాలంటే నెల పడుతుందట.

మా ఆయన బట్టలు బ్యాగులోంచి తీసి బీరువాలో పెట్టారు. నెలాగితే ఇక కదలరని నాకు తెలుసు.

సైదులు అన్నయ్య వచ్చి, మీటర్ పెట్టి చూసి, తర్వాత నన్ను చూశారు.

"పిల్లలకు గిదే పాఠం చెప్పిన్రా చెల్లెమ్మా?"

ముప్పై ఏళ్ళ టీచర్ని, టార్చ్ పట్టుకుని పక్కన నిలబడ్డాను.

ఆ తర్వాత చేసింది చూడాలి! మంచి బ్యాటరీ ఒకటి పక్కన పెట్టి, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపారు. బ్యాటరీ బతికే ఉందని ఛార్జర్ నమ్మేసింది, పని మొదలుపెట్టింది. గంటయ్యాక మంచిదాన్ని తీసేశారు. అయినా ఆగలేదు! ఎనిమిది దగ్గరున్న వోల్టేజీ పదకొండు, పన్నెండు... క్రికెట్ స్కోరు చూసినట్టు నిలబడి చూశాను.

తొందరపెట్టాను కూడా.

"జర ఆగున్రి. ఆకలితోని పడిపోయినోనికి ఒక్కపారే బిర్యానీ పెడ్తమా? గంజి పొయ్యాలె."

రెండు రోజులు వ్యాన్ తలుపులు తెరిచిపెట్టి, సన్నగా ఛార్జ్ చేస్తూ, వేడెక్కుతోందా అని చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నారు. మూడో రోజు ఛార్జర్ తీసేసి, ఓ పూట ఆగి కొలిస్తే పన్నెండున్నర దాటి నిలబడింది. పాత బలమంతా రాదు, బావ మెషిన్‌కు చాలు అన్నారు.

బట్టలు మళ్ళీ బ్యాగెక్కాయి.

ఆయన ఊరికి పోయేముందు ఒక కట్-ఆఫ్ స్విచ్ బిగించారు. బ్యాటరీ సగానికి పడితే మెషిన్ తప్ప అన్నీ ఆపేస్తుంది. దాని మీద మార్కర్‌తో రాశారు: "బతుకమ్మకు కాదు."

సముద్రం చూశాం. ఒడ్డున మా ఆయన హాయిగా నిద్రపోయి లేచి, కాఫీ బాగాలేదన్నారు. అంత మంచి ఫిర్యాదు నేనెప్పుడూ వినలేదు.

మొన్నటి గొడవా దాని గురించే. నెలకోసారి నేను ఆయనకు బ్యాటరీ రీడింగ్ చెప్పాలి. రేపు చూస్తానన్నాను. ఈ రేపులే బ్యాటరీలను చంపుతాయని కసిరారు.

నిన్న మిర్యాలగూడలో ఆయన్ను సాగనంపి వచ్చి, తలస్నానం చేసి, వ్యాన్ తలుపు తీశాను.

పన్నెండు పాయింట్ ఏడు, అన్నయ్యా.

గొడవ మీరే గెలిచారు. ఇక ఏ చింతా లేకుండా పడుకోండి. మీటర్ నేను చూసుకుంటాను.