పూజలో కూర్చున్న కీబోర్డు

బెంగళూరు కుందలహళ్ళి ఆఫీసులో నా కీబోర్డును ముట్టుకోనివాళ్లు లేరు. స్ప్లిట్ కీబోర్డు అంటారు దాన్ని. మధ్యకు విడిపోయి ఎడమ చేతికో ముక్క, కుడి చేతికో ముక్క. కుడి మణికట్టు నొప్పితో చెంచా కూడా పట్టుకోలేని రోజుల్లో డాక్టరు చెబితే కొన్నాను. మళ్లీ తిరగబెడితే ఆపరేషన్ తప్పదన్నదీ ఆయనే. నాకది మందు. మా టీముకు మాత్రం వేడుకైపోయింది.

ముఖ్యంగా మా టీమ్ లీడ్‌కు. తాతల నాడే బెంగళూరులో స్థిరపడ్డ తెలుగింటివాడు, మనిషి మంచివాడే. నాది చూసి తనూ ఒకటి కొన్నాడు, ఆపైన ఇంకొకటి. కీల కింది స్విచ్చులు మారుస్తాడు, చప్పుడు వినమంటాడు, తనను చూసి కొన్న మిగతావాళ్లతో వాట్సాప్ గ్రూపు కూడా పెట్టాడు. ఏ కీ ఎలా మోగుతుందని వందసార్లు అడిగాడు గానీ, చెయ్యి ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు.

ఆయుధపూజ సెలవుకు ముందురోజు ఆఫీసులో పూజ చేశారు. నేను కాఫీ తాగి వచ్చేసరికి నా బల్ల ఖాళీ. టీములోని స్ప్లిట్ కీబోర్డులన్నీ దేవుడి పటం ముందు వరసగా కూర్చున్నాయి, నడిమధ్యన నాది. గంధం, కుంకుమ, చామంతులు. ఒళ్లు మండింది. సాయంత్రంలోగా నేనో పని అప్పగించాలి. తీసుకోబోతే లీడ్ అడ్డం వచ్చాడు.

"అయ్యో, ఎత్తొద్దప్పా! పూజ అయిండాది. ఈ పొద్దు ఆయుధంతో పని చేయకూడదు. సెలవైనాక తీసుకో."

"మరి నా పని?"

"ల్యాప్‌టాప్ ఉండాది కదప్పా. స్వల్ప అడ్జస్ట్ చేసుకో."

ల్యాప్‌టాప్‌లకు బొట్టు పెట్టి వదిలేశారు మరి. వాటికి విశ్రాంతి ఇస్తే ఆఫీసు ఆగిపోతుంది కదా! అందరూ చేతులు జోడించి నిలబడ్డారు. పూజ దగ్గర గొడవపడితే నలుగురిలో నేనే చెడ్డవాణ్ణవుతాను. నోరు మూసుకుని వచ్చి కూర్చున్నాను. ఆ మొహమాటం తలచుకుంటే ఇప్పటికీ చిర్రెత్తుకొస్తుంది.

ల్యాప్‌టాప్ ఇరుకు కీల మీద రెండు చేతులూ దగ్గరికి ముడుచుకుని సాయంత్రం దాకా కొట్టాను. పని పూర్తయింది. కుడి చెయ్యి మోచేతి దాకా ఒకటే సలపరం. వేళ్లు తెరుచుకోవడం లేదు.

అప్పుడే లీడ్ ప్రసాదం పళ్లెంతో వచ్చాడు, మొహం వెలిగిపోతూ. నేను ఎడమ చెయ్యి చాపాను.

"ఏమప్పా, ప్రసాదం ఎడమ చేత్తోనా? కుడి చెయ్యి పట్టు."

"అది అక్కడ పూజలో ఉంది," అన్నాను పటం వైపు చూపిస్తూ.

పగలబడి నవ్వాడు. నవ్వి, నా మాటను కీబోర్డుల గ్రూపులో పెట్టాడు.