కంపైలర్ నోరు మూయించిన రోజు

మా సారు పోయారని మొన్న పొద్దున ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. బాధ కలిగింది. ఆ బాధలో కొంచెం కోపం కూడా ఉంది, దాచను.

రిటైరయ్యాక వనపర్తిలో తన ఇంటి ముందుగదిలోనే సారు మాకు కంప్యూటర్‌ను లోపల నుంచి నడిపే లినక్స్ కెర్నల్ పని నేర్పారు. నెట్‌వర్క్ డ్రైవర్లలో ఒకే రకం తప్పును వెతికి, ప్యాచ్ రాసి సరిచేసేవాళ్లం. కెర్నల్, డ్రైవరులోని ఫంక్షన్‌ను దాని చిరునామా పట్టుకుని, అంటే పాయింటర్ ద్వారా, పిలుస్తుంది. అది కోరే టైపు ఒకటి, అక్కడ రాసిన టైపు ఇంకొకటి. పాత కెర్నళ్లు చూసీచూడనట్టు పోయేవి. కొత్తవాటిలో గట్టి తనిఖీ పెడితే మిషను అక్కడికక్కడే ఆగిపోతుంది. అందుకని ఫంక్షన్‌నే సరైన టైపులో తిరిగి రాయాలి. బద్ధకించి మధ్యలో 'ఇది ఆ టైపే అనుకో' అని చెప్పే కాస్ట్ పెడితే కంపైలర్ ఇచ్చే హెచ్చరిక పోతుంది, తప్పు మాత్రం ఉంటుంది. "కంపైలర్ నోరు మూయిస్తే తప్పు పోతదారా?" అనేవారు సారు. చాయ్ చల్లారిపోతున్నా మేం రాసిన ప్రతి లైనూ చదివేవారు. ఎవరినైనా మెచ్చుకోగా నేను వినలేదు.

ధరూర్ నుంచి వచ్చే మా దోస్తు ఒకసారి కాస్ట్ పెట్టాడు. సారు తిట్టలేదు. ఆ డ్రైవరునే తనిఖీ ఉన్న కెర్నల్‌తో కలిపి అతని ల్యాప్‌టాప్‌లోనే ఎక్కించారు. నెట్ కలిసిన ప్రతిసారీ అది ఆగిపోయింది. ఆ మధ్యాహ్నమే అతనికి ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ. సారుకు ఆ సంగతి తెలుసు. నా ల్యాప్‌టాప్ ఇవ్వబోతే వద్దన్నారు. "నువ్వే పెట్టినవ్, నువ్వే తియ్యి" అని అతనితో చెప్పి, భోజనానికి లేచారు. అతను తీసేలోపు ఇంటర్వ్యూ వేళ దాటిపోయింది. మరునాటి నుంచి రాలేదు.

నేను మళ్లీ ఎప్పుడూ కాస్ట్‌తో తప్పు కప్పలేదు. ఇవాళ తింటున్న అన్నం ఆ భయం పెట్టిందే. సారుకు రుణపడి ఉన్నాను. అలా నేర్పాల్సింది కాదనీ అనుకుంటాను.

చివరి రోజుల్లో దవాఖానలో సారు నాతో, "వాణ్ణి జర రమ్మను" అన్నారు. ఎందుకని అడిగితే, "ఆ ప్యాచ్ మళ్ల చూస్త అని చెప్పు" అన్నారు. తప్పయిందన్న మాట ఆయన నోట రాదు. ఆ మాటే దోస్తుకు ఫోనులో చెప్పాను.

"గా పని ఎప్పుడో ఇడిసిపెట్టిన. పత్తి పెట్టుకున్న. రానని చెప్పు" అన్నాడు.

రానన్నాడని సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన దగ్గర ఇంకోలా చెప్పడం మాకు చేతకాదు. తలూపారు. ఆ తర్వాత కిటికీ కింద ఏ షేర్ ఆటో ఆగినా తడుముకుని కళ్లద్దాలు పెట్టుకునేవారు, నిద్రపట్టాక భార్య తీసేవారు. ప్రాణం పోయిన పొద్దున కూడా అవి ఆయన కళ్లకే ఉన్నాయట.