కుంచానికి మించిన గింజలు

మా ముత్తాతగారు మునసబు. ఆయన తండ్రిగారూ మునసబే. మా తాతగారి రోజులకి ఆ హోదా పేరుకే మిగిలినా, కొత్తపేట చుట్టుపక్కల ఊళ్ళలో ధాన్యం కొలతలో తగవు వస్తే మా అరుగు మీదికే వచ్చేవారు. మా ఇంటి ఇత్తడి కుంచమే అందరికీ ప్రమాణం. తాతగారు మండువాలో టేకు ఉయ్యాల బల్ల మీద కూర్చుని, కాలి బొటనవేలితో నేలని మెల్లగా నెడుతూ, రెండు పక్షాలూ చెప్పేది వినేవారు. నాలుగు ఇత్తడి గొలుసులు కిర్రుమంటూ ఉండేవి. ఉయ్యాల ఆగితే తీర్పు అయిందని అర్థం. ఆ తరువాత ఎవరూ నోరెత్తేవారు కాదు.

కొలతలు మాకు అక్షరాలకన్నా ముందే వచ్చాయి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంతా రెట్టింపు మీద రెట్టింపు. కొలిచేటప్పుడు ఒకటి అనకూడదు, ‘లాభం’ అనాలి. లాభం, రెండు, మూడు. అంచు మీద కర్ర లాగి సమం చేస్తే ఒక కొలత, గోపురంలా పోస్తే ఇంకో కొలత. సగం తగవులు అక్కడే పుట్టేవి. అలాంటప్పుడు తాతగారు, “కుంచాన్ని వదిలెయ్యండి. గింజల్లో మార్పు ఉండదు” అనేవారు. కొలిచిన రాశిని మళ్ళీ కొలిస్తే తగ్గడం మామూలే. ఒకటి రెండుసార్లు పెరిగింది. ఆ రాశిని ఆయన ముట్టుకోనివ్వలేదు. “తగ్గితే దొంగని వెతుకుతాం. పెరిగితే ఎవర్ని వెతుకుతాంరా?” అన్నారు.

తుపానులో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాక మా ఇల్లు మళ్ళీ లేవలేదు. అయినా మా నాన్నగారు ఇస్త్రీ చొక్కా లేకుండా వీధి గుమ్మంలోకి వచ్చింది లేదు. ఆ రోజుల్లోనే మా మేనత్త కొడుకు హైదరాబాదు నుంచి టేపు రికార్డరు పట్టుకుని వచ్చాడు. వంశం సంగతులన్నీ నాన్నగారి నోట చెప్పించి ఒక అరవై నిమిషాల క్యాసెట్‌లో నింపి, ఆ క్యాసెట్ మాకే ఇచ్చి వెళ్ళాడు. నాన్నగారు పోయాక ఆయన గొంతు మిగిలింది అందులోనే.

ఆ క్యాసెట్‌కి బూజు పట్టింది. మా ఇంట్లో టేపు రికార్డరు దాన్ని ఒకసారి నమిలింది కూడా. అమ్మకి అప్పటికే చూపు మందగించింది. ఫొటోలు చూపిస్తే వేళ్ళతో తడిమి పక్కన పెట్టేసేది. “ఆ గొంతు ఒక్కసారి వినిపించరా. ఇంకేం అడగను” అంది. ఒక్క మాట కూడా పోకుండా దాన్ని సీడీలోకి ఎక్కించాలని, అమ్మని తీసుకుని అమలాపురం బస్సెక్కాను. అప్పటికి నేను ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతున్నాను.

బస్టాండు దగ్గర కొట్టాయన మా కుంచం పేరు విన్నవాడే. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు, తరువాత పాటలు రికార్డు చేసి ఇచ్చేవాడు, ఇప్పుడు కంప్యూటరు పెట్టాడు. క్యాసెట్ వెలుతురుకి ఎత్తి చూసి పెదవి విరిచాడు.

“ఒక్కసారి తిరుగుద్దేమోనండి. రెండోసారికి నాది పూచీ కాదండి, ఆయ్.”

“ఎంత చోటు కావాలి?”

“నిమిషానికి పది ఎంబీలండి. అరవై నిమిషాలకి ఆరొందలు. సీడీకి ఏడొందలు పడతాయండి. మిగిలిన వందలో పాత సినిమా పాటలు ఎక్కించమంటారా, అమ్మగారు వింటారు?”

“అక్కర్లేదు. మీ ఎంబీ ఏ లెక్క? వెయ్యికి ఒకటా, వెయ్యిన్ని ఇరవైనాలుగుకి ఒకటా?”

ఆయన నవ్వాడు. “అమ్మో! మీ ఇంటి కుంచం తెచ్చేరేంటండి బాబుగారూ?”

కుంచం తేలేదుగాని, తెచ్చినట్టే. ఒకటిని పదిసార్లు రెట్టింపు చేస్తే వెయ్యిన్ని ఇరవైనాలుగు వస్తుంది. వెయ్యి బైట్లని కిలో అంటే కర్ర లాగిన కొలత. వెయ్యిన్ని ఇరవైనాలుగుని కిలో అంటే గోపురం కొలత. డిస్కులు అమ్మేవాళ్ళు మొదటిది చెబుతారు, కంప్యూటరు రెండోది చూపిస్తుంది. మెగా దగ్గరికి వచ్చేసరికి ఆ గోపురం ఇంకా లేస్తుంది. ఈ సంగతి నాకు చెప్పాల్సిన పని లేదు.

వీధి రొద వినపడకుండా ఆయన షట్టరు సగం దించి టేపు తిప్పాడు.

మొదట గరగర. తరువాత మైకు సరిచూడటానికి మా మేనత్త కొడుకు అంకెలు చెప్పమన్న మాట. వెంటనే నాన్నగారు, “లాభం. రెండు. మూడు.”

అమ్మ స్టూలు మీంచి లేచి నిలబడింది. కూర్చోమంటే వినలేదు. ఆయన మాట్లాడుతుంటే ఆవిడ ఎప్పుడూ కూర్చోలేదు.

మునసబులు, తగవులు, అరుగు, అన్నీ వరసగా వచ్చాయి. గొంతు బొంగురు పోలేదు, సాగలేదు. ఉన్నట్టే ఉంది. క్యాసెట్ తిప్పి రెండో వైపు పెట్టాక, చివరికి వస్తూ నాన్నగారు గొంతు హెచ్చించారు. “గుర్తుపెట్టుకో అల్లుడూ. తోటలు పోయేయి, పొలం పోయింది. కానీ ఈ గుమ్మం దాటి ఒక్క సామాను బయటికి పోలేదు. నేనుండగా పోదు. చాలు, కట్టెయ్యి. కాఫీ చల్లారిపోతోంది.”

“అలాగే మావయ్యగారూ.”

అక్కడితో అయిపోయిందనుకున్నాను. టేపు తిరుగుతూనే ఉంది. కాసేపటికి ఒక చప్పుడు మొదలైంది. కిర్రు. ఆగి, మళ్ళీ కిర్రు. తొందర లేకుండా, ఒకే నిడివితో.

“ఇంట్లో ఉయ్యాలుందేంటండి?” అన్నాడు కొట్టాయన.

“ఉండేది” అన్నాను.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. “ఆయన కుర్చీలో కూచునే చెప్పేరు కదరా” అంది నెమ్మదిగా.

ఆ చప్పుడు చాలాసేపు సాగింది. చివరికి ఒక్కో ఊపూ చిన్నదై ఆగిపోయింది. అమ్మ తల వంచుకుంది. ఆ వెంటనే క్యాసెట్‌లో టేపు టప్పున తెగింది.

కొట్టాయన ఊపిరి వదిలి, “పోతే పోయిందిలెండి, అంతా లోపలికొచ్చేసింది” అంటూ ఫైలు చూపించాడు. ఆరువందల ఎనభై ఎంబీలు.

“ఆరువందలన్నారు కదా?”

“అదేనండి బాబుగారూ, మీరన్నదే. వెయ్యికీ, వెయ్యిన్ని ఇరవైనాలుగుకీ తేడా.”

“అది పేర్లలో తేడా. గింజలు ఎన్నో చూపించండి.”

బైట్లు చూపించాడు. డెబ్బై ఒక్క కోట్ల ముప్పై లక్షలు. ఆయన బల్ల మీదున్న బిల్లు వెనక లెక్క వేశాను. సీడీలో శబ్దానికి సెకనుకి లక్షా డెబ్బై ఆరువేల నాలుగువందల బైట్లు. నిమిషానికి కోటీ ఐదు లక్షల ఎనభైనాలుగు వేలు. అరవై నిమిషాలకి అరవై మూడున్నర కోట్లు. కర్ర లాగి కొలిచినా గోపురం పోసి కొలిచినా, ఏడున్నర కోట్ల పైన గింజలు ఎక్కువ. అంటే ఏడు నిమిషాల పైచిలుకు.

“కంపెనీవోడు ఒకటి రెండు నిమిషాలు ఎక్కువే చుడతాడండి.”

“ఏడు చుడతాడా?”

“మోటారు మెల్లగా తిరిగిందేమోనండి.”

“అలాగైతే గొంతు లావైపోవాలి. అయిందా?”

ఆయన క్యాసెట్ బయటికి తీశాడు. తెగిన టేపుని మళ్ళీ తిప్పి చూసే వీలు లేదు. గొంతు తగ్గించి, “చివర్న ఆ కిర్రొకటీ కోసేద్దామాండి? ఆరొందల్లోకి దిగిపోద్ది. మీ లెక్కా సరిపోద్ది” అన్నాడు.

నేను సరేననేవాణ్ణేమో. అమ్మే అడ్డుపడింది. “కొయ్యకండి బాబూ. వచ్చిందాన్ని వచ్చినట్టే ఉంచండి.”

సీడీ రాసి ఇచ్చాడు. నేను మరుసటి రోజు కాలేజీ కంప్యూటర్లో పెట్టి మళ్ళీ చూశాను. ఒక్క గింజ తేడా లేదు.

అమ్మకి సీడీ ప్లేయరు మీట నొక్కడం వేళ్ళతోనే అలవాటైంది. మొదటి వారం మొత్తం వినేది. తరువాత తరువాత మునసబుల కథలు దాటించేసేది. నాన్నగారి గొంతు కోసం అంత దూరం వచ్చిన మనిషి ఆ గొంతునీ దాటించేసి, చివరి ఏడు నిమిషాలే పెట్టుకునేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మండువాలోంచి ఆ కిర్రు వినిపించేది. నేను చూడటానికి వెళ్ళేవాణ్ణి కాదు. చప్పుడు ఆగేదాకా నా గదిలో పుస్తకం తెరుచుకుని కూర్చునేవాణ్ణి. ఒక్క పేజీ కూడా తిరిగేది కాదు.

“ఎందుకమ్మా అదే వింటావు?” అని ఒకసారి అడిగాను.

“చూస్తన్నాను” అంది.

“ఏం చూస్తున్నావు?”

“మీ నాన్నగారన్న ఆ చివరి మాట మీద ఒక్కరోజన్నా తీర్పు చెప్పకుండా ఊగుద్దేమోనని. రోజూ అక్కడే ఆగిపోతోందిరా.”

ఆ సాయంత్రమే హైదరాబాదు ఫోన్ చేశాను. రికార్డు చేసిన రోజున ఇంట్లో ఉయ్యాల చప్పుడు ఏమైనా విన్నావా అని మేనత్త కొడుకుని అడిగాను. అతను నవ్వేశాడు.

“ఉయ్యాలెక్కడిది బావా? కొక్కేలు మాత్రమే వేలాడుతున్నాయి. నేనే అడిగేను కూడాను. గొలుసులు మెరుగుకి పంపించేం, బల్లకి వార్నిషు వేయిస్తున్నాం అన్నారు కదా మావయ్యగారు.”

గొలుసులు మెరుగుకి వెళ్ళలేదు. అంతకు ముందు వేసవిలోనే ఆ టేకు ఉయ్యాల బల్లని, నాలుగు ఇత్తడి గొలుసులతో సహా, రాజమండ్రి నుంచి వచ్చిన పాత సామాన్ల వర్తకుడికి అమ్మేశాం.